కాళ్ళు చూసి తలుపు తీసే ఇల్లు

బెంగళూరు,
1944 జూలై 9

తమ్ముడు మునినారాయణప్పకు, అక్క నంజమ్మ.

చకోతా పండ్ల గోనె చేరింది. బొగ్గుతో నడిచే బస్సు కుదుపులకు రెండు పగిలాయి, మిగిలినవి బాగున్నాయి. ఆసుపత్రికని వచ్చి మా ఇంట్లో దిగిన రోగులకూ వాళ్ళతో వచ్చినవాళ్ళకూ తలా ఇన్ని తొనలు పెట్టాను. మొగుడి కాలికి ఆపరేషన్ చేయించడానికి వచ్చిన బాగేపల్లి మారెమ్మ, "మీ తమ్ముడు బంగారం అక్కా" అంది. నిన్ను పొగిడితే నాకు కడుపుమంట అని ఆమెకు తెలియదు పాపం.

అసలు సంగతి వేరే ఉంది. మా కుడిపక్క రిటైరు అమల్దారు చెన్నరాయప్ప మునిసిపాలిటీకి అర్జీ పెట్టాడు. మొన్న ఆరోగ్యశాఖ ఇన్‌స్పెక్టరు వచ్చి నాలుగు గదులూ, పెరట్లో పొయ్యిలూ, కక్కసు దొడ్డీ అన్నీ చూసిపోయాడు. బంధువులు కానివాళ్ళకు పది రోజులకూ నెలకూ గదులిచ్చేవాళ్ళు ఇకమీదట ఈ ఎక్స్‌టెన్షన్‌లో లైసెన్సు తీసుకోవాలట. ఎనిమిది మందికి మించకూడదట. పక్కింటివాళ్ళు ఒప్పుకోవాలట. ఎడమపక్క ఖాళీ సైటు, అక్కడ మేసే గేదెలు సంతకం పెట్టవు కాబట్టి నా బతుకంతా చెన్నరాయప్ప చేతిలో పడింది.

నేనే వాళ్ళింటికి వెళ్ళాను. "నంజమ్మా, ఇది సంసారస్తులుండే వీధి. నువ్వు సత్రం పెట్టుకోని ఉండావు. దినానికొక మొగం. యావూరో, ఏం రోగమో ఏమీ తెల్దు" అన్నాడు. "రోగం ఏందో తెలిసుంటే ఆసుపత్రికి యాల వస్తారు సామీ?" అన్నాను. నవ్వలేదు. నిజం చెప్పాలంటే ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. పోయిన నెల మా ఇంట్లో దిగినవాడొకడు చీము గుడ్డలు తీసుకెళ్ళి వాళ్ళ గుమ్మం ముందున్న వీధి కొళాయి కింద ఉతికాడు. లోపల ఆయన కోడలు నిండు గర్భిణి. వాణ్ణి నేనూ చెడామడా తిట్టాను.

ఏం చెయ్యమంటావో రాయి. ఈ ఇంటికి మొదటి రోగిని పంపింది నువ్వే.

నంజమ్మ

*

దేవనహళ్ళి,
1944 జూలై 16

అక్కా,

నీ ఉత్తరం చదివి ఆ అమల్దారు మీద నాకు ఒళ్ళు మండింది. రెవెన్యూలో ఉన్నన్నాళ్ళూ రైతుల చేత గొర్రెలు మేపించుకున్న మనిషికి ఇప్పుడు వీధి శుభ్రం గుర్తొచ్చిందా! నేనే వచ్చి నాలుగు అందామనుకున్నాను. మునిలక్ష్మి కదలనివ్వలేదు. "మీరు పోయి మాట్లాడితే ఆ ఉండే ఒక్క పక్కిల్లూ పోతాది" అంది. నా పెళ్ళాం నోరు నీకు తెలుసు కదా.

కోపం దిగాక ఆలోచించాను. ఆయన ఏ షరతు పెట్టినా ఒప్పుకో అక్కా. అమ్మను తలుచుకో. అప్పుడు మీరు అద్దె ఇంట్లో ఉన్నారు. అమ్మకు ఊపిరి అందకపోతే ఇంటివాడు గుమ్మంలో నిలబడి, "నా ఇంట్లో చావు పడగూడదు, దించండి" అన్నాడు. నువ్వూ నేనూ బావా కలిసి ఆసుపత్రి చెట్టు కింద చాప వేసి పడుకోబెట్టాం. అక్కడే పోయింది. సొంత ఇల్లు కట్టి తీరతానని బావ ఒట్టు పెట్టుకున్నది ఆ చెట్టు కిందే. ఆ ఇంటి తలుపు మూతపడకూడదు. నాలుగు మాటలు పడు, నాలుగు దండాలు పెట్టు.

మునిలక్ష్మికి ఈమధ్య ఆయాసం వస్తోంది. బావి నుంచి బిందె తెచ్చేలోపు రెండుసార్లు కూర్చుంటోంది. పని ఎగ్గొట్టే ఆయాసమని ఎగతాళి చేస్తున్నాను.

నీ తమ్ముడు

*

బెంగళూరు,
1944 సెప్టెంబరు 20

తమ్ముడికి,

లైసెన్సు వచ్చింది. గోడకు బోర్డు కూడా కొట్టించాను. చెన్నరాయప్ప ఒకే ఒక్క షరతు మీద ఒప్పుకున్నాడు. మా ఇంటి నుంచి శవం లేవకూడదు. లేచిన రోజే ఆయన తన ఒప్పుదల వెనక్కు తీసుకుంటాడు, లైసెన్సు రద్దవుతుంది. "చెడ్డ నక్షత్రంలో చావు పడితే నీ ఇల్లు ఆర్నెల్లు మూసుకుంటావు. ఆ దోషం నా గోడకాడ నిలబడిపోతాదా? నా ఇంట్లో పసిబిడ్డ ఉండాది" అన్నాడు. "మా సొంతవాళ్ళు పోతేనో?" అని అడిగాను. "ఎవురు సచ్చినా పీనుగ పీనుగే కదమ్మా" అన్నాడు. ఇన్‌స్పెక్టరు ఆ మాట అట్లాగే రాసుకున్నాడు. నేను వేలిముద్ర వెయ్యలేదురా, నిండుగా సంతకం పెట్టాను.

అప్పటి నుంచీ నాకు కొత్త విద్య పట్టుబడింది. ఎవరొచ్చినా ముందు గడప బయట కూర్చోబెట్టి కాళ్ళకు నీళ్ళిస్తాను. మర్యాద అనుకుంటారు. కాళ్ళు కడుక్కునేటప్పుడు నేను పాదాలు చూస్తాను. వేలితో నొక్కితే గుంట పడి నిలిచిందంటే ఆ మనిషిని లోపలికి పిలవను. మా అత్త చెప్పేది, కాళ్ళు ఉబ్బి ఊపిరి ఎగబీలిస్తే మనిషి ఇంక నిలవదని. పోయిన వారం గుడిబండ నుంచి ఒకాయన వచ్చాడు. రెండు కాళ్ళూ దిమ్మల్లా ఉన్నాయి. గది ఖాళీ లేదన్నాను. అతని పెళ్ళాం కిటికీలోంచి ఖాళీ గది చూసింది. గేటు పట్టుకుని చాలాసేపు నిలబడింది. నేను తలుపు వేసుకున్నాను.

తిట్టుకో. లోపల ఉన్న ఎనిమిది మందికి నీడ ఉండాలంటే బయట ఒకణ్ణి వదిలెయ్యాలి. మొదటి రోజు నాకు అన్నం దిగలేదు. ఇప్పుడు దిగుతోంది.

మునిలక్ష్మి ఆయాసం ఎట్లా ఉంది? నువ్వు రాయడం లేదు. ఎగతాళి మాని ఎవరికైనా చూపించు.

అక్క

*

దేవనహళ్ళి,
1944 నవంబరు 26

అక్కా,

మునిలక్ష్మిని చిన్న రైలులో పంపుతున్నాను. తోటలో కాయలు ఏరే సొన్నమ్మ తోడు వస్తుంది, నీ ఇంటి దగ్గర దిగబెట్టి తిరిగి వస్తుంది. చకోతాల కోత మధ్యలో ఉంది, నేను కదలలేను.

పెద్ద జబ్బేమీ కాదు. కొంచెం నీరసం. పెద్దాసుపత్రిలో ఒకసారి చూపిస్తే మనసు కుదుటపడుతుంది. కంప చేలో నడిచి రెండు కాళ్ళకూ ముళ్ళు గుచ్చుకున్నాయి. పసుపు, ఆముదం పెట్టి కట్టు కట్టాము. తడపవద్దని నాటువైద్యుడు చెప్పాడు, కాబట్టి నీ మర్యాద నీళ్ళు ఆమెకు ఇవ్వకు. కట్టు విప్పకు.

ఆమె నీ మరదలు. అద్దెకొచ్చే మనిషి కాదు. నీ ఇంట్లో ఉండడానికి లైసెన్సు అక్కర్లేదు.

మునినారాయణప్ప

*

బెంగళూరు,
1944 డిసెంబరు 5

తమ్ముడికి,

మునిలక్ష్మి చేరింది. నడిమింటి గదిలో నా పక్కనే పడుకోబెట్టుకున్నాను. మనిషి పాలిపోయింది, పెదవుల్లో రంగు లేదు. కానీ నోరు మాత్రం అట్లాగే ఉంది. వచ్చీ రాగానే, మొగుడి కాలు మానక ఇంకా ఇక్కడే ఉన్న మారెమ్మకు నీ కథలన్నీ చెప్పింది. పెళ్ళిపీటల మీద నువ్వు నిద్రపోయిన సంగతి చెబుతుంటే పొయ్యి దగ్గర ఆడవాళ్ళంతా పడీపడీ నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ ఊపిరి అందక గోడ పట్టుకుంది. నేను తల దువ్వుతుంటే "వదినా, మీ ఇంట్లో పడుకుంటే అమ్మింట్లో ఉండినట్లుండాది" అంది. నాకు పిల్లలు లేని లోటు ఆ కాసేపు మరిచిపోయాను.

ఆసుపత్రికి జట్కాలో తీసుకెళ్ళాను. రక్తం తీసుకున్నారు. సోమవారం రమ్మన్నారు, అప్పటికి మంచం ఖాళీ అయితే చేర్చుకుంటారట.

కట్టు మాత్రం ముట్టనివ్వదు. స్నానానికి కూడా కాళ్ళు పీట మీద పెట్టుకుని కూర్చుంటుంది. ముల్లు గుచ్చుకున్న మనిషి కుంటాలి కదరా, ఈమె కుంటడం లేదు. ఏమిటిది? నిజం రాయి.

పక్కింట్లో మనవడి అన్నప్రాసన శనివారం. వీధంతా పందిరి వేశారు. చెన్నరాయప్ప స్వయంగా వచ్చి పిలిచాడు. విధవను పిలిచే ఆచారం వాళ్ళకు లేదు, అయినా పిలిచాడు.

నంజమ్మ

*

బెంగళూరు,
1944 డిసెంబరు 8
(మారెమ్మ చేతికిచ్చినది)

తమ్ముడూ,

నీ జవాబు కోసం ఆగలేదు. పొద్దున ఆమె కునుకులో ఉండగా కట్టు విప్పాను. ముల్లూ లేదు, పుండూ లేదు. వేలు పెడితే గుంట పడి అట్లాగే నిలిచిపోయింది. ఊపిరి పైపైనే ఆడుతోంది.

నన్ను మోసం చేశావు. ఇంకెవరో కాదు, నువ్వు.

ఆమెను ఈరోజు రైలుకే పంపుతున్నాను. మారెమ్మ తోడు వస్తోంది, దాని మొగుణ్ణి నేను చూసుకుంటాను. సొంత ఇంట్లో, నీ చేతి నీళ్ళు తాగి పోనీ. ఇక్కడ ఆసుపత్రిలో మంచం లేదు. పక్కింట్లో రేపు అన్నప్రాసన. లోపల ఎనిమిది మంది ఉన్నారు, అందులో హిందూపురం మనిషికి నిన్ననే కుట్లు వేశారు. నేను ఏం చెయ్యను?

ఊరికి పంపుతున్నానంటే ఆమె సంతోషపడింది. మళ్ళీ సోమవారం తీసుకొస్తారని చెప్పాను. రెండు దుప్పట్లు కప్పాను.

అక్క

*

దేవనహళ్ళి,
1944 డిసెంబరు 12

అక్కా,

మునిలక్ష్మి లేదు. యలహంక దాటాక మారెమ్మ ఒడిలో తల పెట్టుకుని పడుకుందట. స్టేషను నుంచి మారెమ్మ కబురు పంపితే పరుగెత్తాను, నేను లేపబోతే లేవలేదు. రైల్లో జనం, తలుపు సందులోంచి చలిగాలి, బండి మారడానికి చాలా దూరం నడవవలసి వచ్చిందట. "మళ్ళా సోమారం వదిన ఇంటికి పోవల్ల, కొత్త చీర ఒగటి పెట్టుకోవల్ల" అని ఆమె అన్న చివరి మాటలు మారెమ్మ చెప్పింది.

కట్టు కట్టింది నేనే. నీ సెప్టెంబరు ఉత్తరం చదివినప్పటి నుంచీ రోజూ ఆమె పాదాలు చూసేవాణ్ణి. ఉబ్బు మొదలయ్యాక నాకు భయం పట్టుకుంది. నువ్వు గడప బయటే ఆపేస్తావేమోనని భయం. అక్కను నమ్మలేకపోయాను. నోరు తెరిచి అడగవలసింది. ముల్లు అని రాశాను.

నీ మీద కోపం లేదు. నువ్వు చేసింది మంచి పనే. చెట్టు కింద పోకుండా నా దగ్గరకు పంపావు. ఊరి పొలిమేరలోకి వచ్చాకే పోయిందని నేను అనుకుంటున్నాను. ఇంటి ముందరే పడుకోబెట్టాను. ఎవరూ దించమనలేదు.

పెద్ద దినానికి రా. నువ్వు వస్తే నాకు కొంచెం ఏడుపు వస్తుంది. ఇప్పటిదాకా రాలేదు.

మునినారాయణప్ప

*

బెంగళూరు,
1944 డిసెంబరు 27

తమ్ముడికి,

దినానికి రాలేదు. ఎందుకు రాలేదో రాస్తున్నాను. చదివాక నన్ను అక్కా అని పిలవాలో వద్దో నువ్వే తేల్చుకో.

ఆ సోమవారం నేను ఆసుపత్రికి వెళ్ళాను. ఆమె చీటీ వాళ్ళకు ఇచ్చేసి వద్దామని. రక్తం తీసుకున్న ఆయన నన్ను చూసి, "ఆ మనిషి యాడమ్మా? మంచం పెట్టి ఉండాము" అన్నాడు. ఊరికి పంపానన్నాను. ఆయన చేతిలో కాగితం కింద పెట్టేశాడు. ఆమెకు రక్తం నీరైపోయిందట, కడుపులో కొంకి పురుగులట. పురుగులకు మందూ, రక్తానికి ఇనుము మందూ ఇచ్చి, ఒక నెల మంచం మీద ఉంచి ఉంటే లేచి తిరిగేదట. కాళ్ళ వాపు కూడా దాని వల్లేనట. "ఇట్లాంటోళ్ళు మాకు దినామూ వస్తారమ్మా" అన్నాడు.

ఇంకొకటి ఉంది. మొదటి రోజే వాళ్ళు నాకు చెప్పారు, సోమవారం దాకా ఈమెను కదిలించవద్దు, పడుకోబెట్టే ఉంచమని. ఆ మాట నీకు రాయలేదు. కట్టు విప్పిన పొద్దున ఆ మాట నాకు గుర్తుంది. గుర్తుండే పంపాను. ఎట్లాగూ పోయే మనిషికి పడుకుంటేనేం, ప్రయాణమైతేనేం అనుకున్నాను. నేను ఆమె ముఖం చూడలేదురా. పాదాలు చూశాను.

నువ్వు నన్ను మంచి పని చేశావన్నావు. ఆ ముక్క చదివిన దగ్గర్నుంచీ నేను నడిమింటి గదిలోకి వెళ్ళలేకపోతున్నాను. అమ్మను దించమన్న ఆ ఇంటివాణ్ణి ఇన్నేళ్ళు శపించాను. వాడు కనీసం పరాయివాడు.

కొత్త సంవత్సరానికి లైసెన్సు తిరగరాయడానికి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఇన్ని నెలల్లో ఒక్క చావు కూడా పడలేదని మెచ్చుకున్నాడు. అందరికీ ఈ ఇల్లు చూపించాలన్నాడు. ఇంకో ఏడాదికి రాసిచ్చి, కాఫీ తాగి వెళ్ళాడు.

నంజమ్మ

*

దేవనహళ్ళి,
1945 ఫిబ్రవరి 18

నంజమ్మక్కకు,

ఇన్నాళ్ళూ రాయలేదు. రాయడానికి కూర్చున్నప్పుడల్లా తిట్లే వచ్చాయి. చింపేశాను. కొన్ని నిన్ను తిట్టినవి, కొన్ని నన్ను. ఆ ముల్లు అబద్ధం నేను ఆడకపోతే నువ్వు మొదటి రోజే కాళ్ళు చూసేదానివి, ఆసుపత్రివాళ్ళకు చెప్పేదానివి. లేదంటే గడప దాటనిచ్చేదానివే కాదు. ఏది జరిగేదో నాకు తెలియదు. అదే నన్ను తినేస్తోంది.

ఈ ఉత్తరం తెచ్చిన మనిషి సొన్నమ్మ. మునిలక్ష్మిని నీ దగ్గర దిగబెట్టింది ఈమే. మొగుడు లేడు, బిడ్డలు లేరు. మా తోటలోనే ముసలిదైపోయింది. రెండు కాళ్ళూ ఉబ్బాయి, ఊపిరి కష్టంగా ఉంది. మునిలక్ష్మికి వచ్చిన జబ్బో, అమ్మకు వచ్చిన జబ్బో నేను చెప్పలేను.

కట్టు కట్టకుండా పంపుతున్నాను. చూడు.

మునినారాయణప్ప

*

బెంగళూరు,
1945 మార్చి 14

తమ్ముడికి,

సొన్నమ్మ వచ్చినప్పుడు కాళ్ళకు నీళ్ళు నేనే పోశాను. నొక్కి చూడలేదు. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి, మునిలక్ష్మి పడుకున్న చోటే పడుకోబెట్టాను.

ఆసుపత్రిలో చూశారు. ఈమెది మునిలక్ష్మి జబ్బు కాదు. గుండె చెడిపోయింది, ముసలి ప్రాణం, చేసేదేమీ లేదని ఇంటికి పంపేశారు. ఊరికి పంపమని మారెమ్మ చెప్పింది. దానికి నా మీద దయ, వేరే ఏమీ కాదు. నేను పంపలేదు. రోజూ గంజి పట్టాను. నీ చిన్నప్పటి అల్లరి చెప్పేది, తోటలో ఏ చెట్టు కాయ తియ్యనో చెప్పేది. మునిలక్ష్మి తనను ఏనాడూ పేరు పెట్టి పిలవలేదట, అవ్వా అనేదట. నిన్న పొద్దున పోయింది. ప్రాణం పోయేటప్పుడు బయటికి చేర్చమని ఇద్దరు ముగ్గురు అన్నారు. నేను కదలనివ్వలేదు. నా ఇంట్లో, నా ఒడిలో పోయింది.

ముందు గుమ్మం నుంచే తీసుకెళ్ళాం. చెన్నరాయప్ప కోడలినీ పసిబిడ్డనూ అప్పటికప్పుడు బండి కట్టించి పంపేసి, తలుపులు వేసుకున్నాడు. సాయంత్రం గోడ దగ్గరికి వచ్చి, "నీ మీద నాకు పగ లేదు నంజమ్మా. ముందే చెప్పింటిని గదా" అన్నాడు. చెప్పిన మాట నిజమే. ఈరోజు ఇన్‌స్పెక్టరు వచ్చి లైసెన్సు తీసుకెళ్ళాడు. బోర్డు నేనే ఊడదీసిచ్చాను.

మధ్యాహ్నానికి అందరూ వెళ్ళిపోయారు. ఉంచుకుంటే జుల్మానా వేస్తారట, నాకే కాదు, వాళ్ళకు కూడా. మారెమ్మ మొగుణ్ణి బండిలో పడుకోబెట్టుకుని బాగేపల్లికి బయలుదేరింది, వాడి కాలు ఇంకా మానలేదు. కుట్లు ఇంకా ఆరని హిందూపురం మనిషి వెళ్ళడానికి చోటు లేక ఆసుపత్రి చెట్టు కింద చాప వేసుకుంది. నేను గంజి తీసుకెళ్ళి ఇచ్చి వచ్చాను. గుడిబండ ఆయన పెళ్ళాం కూడా అక్కడే కనపడుతుందేమోనని చూశాను. కనపడలేదు. కనపడితే ఏమనేదాన్నో.

నేను మంచి చేశానో చెడు చేశానో నాకు తెలియదు. ఒకదాన్ని లోపలికి తీసుకుని ఎనిమిది మందిని రోడ్డు మీద పడేశాను. ఎనిమిది మంది కోసం మునిలక్ష్మిని పడేశాను. ఎటు తిప్పినా ఎవరో ఒకరు ఆ చెట్టు కిందే ఉన్నారు.

నాలుగు గదులూ కడిగి ఆరబెట్టాను. ఇంట్లో నా దగ్గు నాకే వినపడుతోంది.

వీలైతే ఒకసారి రా. నువ్వు నా తమ్ముడివి. నీకు లైసెన్సు అక్కర్లేదు.

అక్క